పోట్లగిత్తకు పూచీ

ఇప్పుడైతే ప్రొబేషన్‌కి ఒక చట్టం ఉంది. దానికో ఆఫీసరు, ఆ ఆఫీసరుకో కుర్చీ, ఆ కుర్చీ మీదో తువ్వాలు కూడా ఉన్నాయి. తప్పు చేసినవాణ్ణి జైల్లోకి తొయ్యకుండా, ఊళ్ళోనే ఒకరి కనుసన్నల్లో ఉంచి, బాగుపడతాడేమో చూడడం ఆ ఆఫీసరు పని. ఈ కథ జరిగిన ఊళ్ళో మొదట్లో ఇవేవీ లేవు. ఒక కమ్మరి ఉండేవాడు. అతనికి సమ్మెట కొట్టే మనిషి దొరక్క చచ్చిపోతున్నాడు. కథంతా అక్కడ మొదలైంది. దయ, కరుణ అంటూ ఉపన్యాసాలిచ్చేవాళ్ళు తర్వాతెప్పుడో వచ్చి దండలు వేయించుకున్నారు.

కమ్మరికి కొలిమి పనితో పాటు కోర్టు పని కూడా ఉండేది. శిక్ష పడినవాడి కాళ్ళకు సంకెళ్ళు బిగించాలి. కడియం కొసలు రెండూ కలిపి, బెజ్జంలో ఎర్రగా కాలిన శీల దూర్చి, అది చల్లారేలోపు అణగ్గొట్టాలి. ఎంత తడిగుడ్డ చుట్టినా కాలు కాలేది. మగాళ్ళు గొడ్లలా అరిచేవాళ్ళు. నిప్పు మండించే చిన్న తిత్తి ఊదడానికి కమ్మరి భార్య కూడా వెంట వెళ్ళేది. పెళ్ళయిన నాటి నుంచీ తిత్తి ఆవిడ చేతిలోనే ఉండడంతో ఊరంతా ఆవిణ్ణి తిత్తక్క అనేవారు. కోర్టు పని ఉన్న రోజు తిత్తక్కకి అన్నం సయించేది కాదు. చేతులు ఎంత తోముకున్నా కాలిన చర్మం వాసన గోళ్ళ కింద ఉన్నట్టే ఉండేది.

ఆ రోజు సంకెళ్ళు పడవలసినవాడు బండ్ల అడ్డాలో మూటలు మోసే మనిషి. వాడి భుజాలు చూసీ, వాడి కోపం చూసీ జనం పెట్టిన పేరు పోట్లగిత్త. పిలవడానికి బద్ధకమేసి గిత్త అనేసేవారు. బండ్ల యజమాని వీణ్ణి అందరి ముందూ చెర్నాకోలతో ముఖం మీద కొట్టాడు. వీడు తాగి ఉన్నాడు. ఒక్క గుద్దు గుద్దాడు. యజమాని దవడ రెండు చోట్ల విరిగింది. కోర్టుకి ఆయన గడ్డం కిందినుంచి నెత్తి దాకా గుడ్డ కట్టుకుని వచ్చాడు. నోరు విప్పలేడు. ఆయన గుర్రుమంటే, ఇద్దరు తమ్ముళ్ళూ దానికి అర్థం చెబుతున్నారు.

"అన్నయ్య ఏమంటున్నాడంటే, వీణ్ణి చంపెయ్యమంటున్నాడండి" అన్నాడు పెద్ద తమ్ముడు.

"అంత గుర్రుమనలేదే?" అన్నారు జడ్జిగారు.

జడ్జిగారికి ఆ రోజు పంటినొప్పి. తొందరగా తేల్చేసి ఇంటికి పోవాలని ఉంది. రెండేళ్ళు గనిలో రాళ్ళు కొట్టే శిక్ష అని నోటిదాకా వచ్చింది. అప్పుడే కమ్మరి, సంకెళ్ళ కోసం కోర్టు మూల రాజేసిన నిప్పు దగ్గర్నుంచి లేచాడు. అతని సమ్మెటవాడు పోయిన నెలలో ఇల్లరికం వెళ్ళిపోయాడు. రెండు ఇరుసులు, నాలుగు చక్రాల కట్లు పని ఆగిపోయి పడున్నాయి. కమ్మరి కళ్ళు గిత్త ముఖం మీద లేవు, భుజాల మీద ఉన్నాయి.

"అయ్యగారూ, ఆ భుజాలు గనికి పోతే దండగండి. నాకిచ్చెయ్యండి" అన్నాడు.

"ఇచ్చెయ్యడమేమిటి? వాడేమన్నా గొడ్డా?"

"వచ్చే వాయిదా దాకా అండి. పని నేర్పి, మనిషిని చేసి, మళ్ళీ మీ ముందు నిలబెడతాను."

"ఈలోగా ఎవర్నయినా కొడితే?"

"నాది పూచీ."

కమ్మరి ఆ మాట తేలిగ్గా అనేశాడు. ఎవడి గుర్రమో బాగుందని అందరం అనేస్తామే, అలాగ. జడ్జిగారు మాత్రం తేలిగ్గా తీసుకోలేదు. దవడ నొక్కుకుంటూ, ప్రతి మాటా విడదీసి పలికారు. "మంచిది. వాయిదాలోపు వీడు పారిపోయినా, వీడి చేతి దెబ్బ ఎవరి ఒంటి మీద పడినా, వీడికి పడాల్సిన రెండేళ్ళ గని శిక్షా నువ్వు అనుభవిస్తావు. ఈ కాలుతున్న శీల నీ కాలికి దిగుతుంది. ఇష్టమేనా?"

తిత్తక్క మొగుడి పంచె వెనక నుంచి లాగింది. అతను లాక్కుని, "ఇష్టమేనండి" అన్నాడు.

ఆవిడ దారి పొడుగునా మొగుడికి పది అడుగులు ముందు నడిచింది. కొలిమి గడప దాటాక అందుకుంది. "ఊళ్ళో మనుషులే కరువయ్యారా? దవడలు పగలగొట్టేవాణ్ణి తెచ్చి నా నెత్తిన పెడతావా?"

"దవడ పగలగొట్టినవాడికి ఇనుమొక లెక్కేమిటే?"

"ఇనుము కోర్టుకెక్కదు కదా! వాడు ఇంకొకడి పళ్ళు రాల్చాడంటే గనికి పోయేది నువ్వు. అప్పుడు తిత్తి ఎవరికి ఊదను, గోడకా?"

గుమ్మం బయట నిలబడ్డ గిత్త అన్నాడు. "తిట్టేదేదో నన్నే తిట్టక్కా. మధ్యలో ఆయనెందుకు?"

"నీకు నేను అక్కనెప్పుడయ్యాను? నోరుమూసుకుని ఆ బొగ్గుల దగ్గర కూర్చో."

కూర్చున్నాడు. కూర్చున్నవాడు మంచివాడైపోయాడని ఎవరూ అనుకోవద్దు. తాగుడు మానిన ఒళ్ళు కదా, చేతులు గడగడ వణికేవి. సమ్మెట పట్టలేడు. బొగ్గులు పగలగొట్టమంటే బొగ్గుతోపాటు గంప కూడా పగలగొట్టాడు. నీళ్ళు తెమ్మంటే కుండని కాలితో తన్నాడు. గొళ్ళెం కోసం వచ్చిన వడ్రంగి, "ఏం బావా, దొంగని కూడా మేపుతున్నావా?" అని కమ్మరితో సరదాగా అన్నందుకు, గిత్త లేచి ఆ వడ్రంగి మెడ పట్టుకుని గోడకి ఆనించి పైకెత్తాడు. వడ్రంగి కాళ్ళు గాల్లో కొట్టుకున్నాయి. ముఖం నీలంగా మారింది. కమ్మరి ఒకవైపు, తిత్తక్క ఒకవైపు వేలాడితేగాని ఆ చెయ్యి ఊడలేదు. వడ్రంగి చుట్టరికం ఉన్నవాడు, అందులో పెద్ద మనసున్నవాడు కాబట్టి కోర్టు దాకా పోలేదు. ఆ రోజు నుంచీ తిత్తక్క తలగడ పక్కన పట్టుకారు పెట్టుకుని పడుకునేది. గిత్తంటే ఆవిడకు భయం, భయం కంటే ఎక్కువ అసహ్యం.

పోను పోను చేతుల వణుకు తగ్గింది. ఒక పొద్దున కమ్మరి సమ్మెట తెచ్చి వాడి చేతికిచ్చాడు. కొలిమిలో ఇరుసు పసుప్పచ్చగా కాలుతోంది.

"ఒరేయ్, నీ సొంత తెలివి ఆ నిప్పుల్లో పడెయ్. నా చిన్న సుత్తి ఎక్కడ పడితే నీ సమ్మెట అక్కడ పడాలి. వెంటనే పడాలి. ఇంకేం అక్కర్లేదు. అర్థమైందా?"

"చిన్నది ఎక్కడ పడితే పెద్దది అక్కడ" అన్నాడు గిత్త, పాఠం అప్పగిస్తున్నట్టు.

ఇరుసు దాగలి మీదకి, ఇనుము పెట్టి కొట్టే ఆ ఇనపదిమ్మ మీదకి, వచ్చింది. టక్కు మని చిన్న సుత్తి, దబ్బు మని సమ్మెట. టక్కు, దబ్బు. వాడి దెబ్బ చూసి తిత్తక్క కూడా తిత్తి లాగడం మర్చిపోయింది. అంత బలం, అంత గురి. నిప్పురవ్వలు గుమ్మం దాకా ఎగురుతున్నాయి. కమ్మరి ముఖం వెలిగిపోయింది. ఇనుము ఎరుపు తగ్గి నల్లబడుతోందని అతనికి తోచింది. ఇక ఆపాలి. చిన్న సుత్తితో, ఇరుసు పక్కన, వట్టి దాగలి మీద ఒక్కటి తట్టాడు.

వట్టి దాగలి మీద తట్టడమంటే ఆగమని. కమ్మరిళ్ళలో ఇది మాటలు రాని పిల్లలకి కూడా తెలుసు. అందుకే దాన్నెవరూ ఎవరికీ చెప్పరు. కమ్మరికి నేర్పినవాళ్ళు లేరు, గిత్తకి నేర్పాలని అతనికి తోచనూ లేదు. మూటలు మోసిన గిత్తకేం తెలుసు? చిన్నది ఎక్కడ పడిందో చూశాడు. పెద్దది అక్కడ వేశాడు.

సమ్మెట కమ్మరి చేతి మీద పడింది. సుత్తి పిడి, వేళ్ళు, అరచెయ్యి అన్నీ కలిసి దాగలికి అతుక్కుపోయాయి. కమ్మరి అరవలేదు. తన చెయ్యి ఉండవలసిన చోట ఉన్న ఎర్రటి ముద్దని చూస్తూ నోరు తెరిచాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. తర్వాత మోకాళ్ళ మీద కూలిపోయాడు. అరిచింది తిత్తక్క. అరుస్తూనే నిప్పుల్లోంచి పట్టుకారు లాగి గిత్త నెత్తి మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. నెత్తి చిట్లి రక్తం కళ్ళలోకి కారుతున్నా వాడు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"చెప్పినట్టే కొట్టానక్కా" అంటున్నాడు. "చెప్పినట్టే కొట్టాను. చిన్నది ఎక్కడ పడితే అక్కడే కొట్టాను."

వైద్యుడు వచ్చి రెండు వేళ్ళు తీసేశాడు. మిగిలినవాటికి కట్టు కట్టి, ఇక ఈ చెయ్యి సుత్తి పట్టదని చెప్పి వెళ్ళాడు.

కబురు కోర్టుకి చేరడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మర్నాడే బంట్రోతు వచ్చాడు. తిత్తక్కకి వరసకు తమ్ముడవుతాడు. మనసులో కపటం లేనివాడు, లోకం తెలిసినవాడు. గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించి చెప్పాడు. "అక్కా, మీ నెత్తిన పాలు పోసినట్టయింది. పూచీ ఉన్నవాణ్ణే కొట్టాడంటే పూచీ తెగిపోయినట్టే. బావకి ఏ పాపమూ లేదు. వాయిదా దగ్గర్లోనే ఉంది. కావాలనే కొట్టాడని ఒక్క మాట అనండి. వాడు గనికి పోతాడు, మీరు ఒడ్డున పడతారు. పొరపాటున కొట్టాడన్నారో, పూచీ అలాగే ఉంటుంది. రేపు వాడు ఇంకొకడిని కొడితే ఈ విరిగిన చేత్తోనే బావ గనికి పోవాలి."

"వాడు కావాలనే కొట్టాడు" అన్నాడు కమ్మరి మంచం మీంచి. ముఖం జ్వరంతో మండుతోంది. "వట్టి దాగలి సంగతి నేను చెప్పాను. నాలుగు సార్లు చెప్పాను. ఇంత అనుభవం ఉన్నవాణ్ణి, చెప్పకుండా సమ్మెట చేతికిస్తానా?"

తిత్తక్క మొగుడి వంక చూసింది. చెప్పలేదని ఆవిడకు తెలుసు. తిత్తి దగ్గర కూర్చుని ప్రతి మాటా విన్నది. అయినా నోరు మెదపలేదు. మొగుడి చెయ్యి పోయింది, పరువైనా మిగలనీ అనుకుంది. పైగా గిత్త ఇంట్లోంచి పోవాలని మొదటి రోజు నుంచీ కోరుకున్నది ఆవిడే. "అలాగే చెబుతాంలే తమ్ముడూ" అని బంట్రోతుని పంపించేసింది.

గిత్త మాత్రం కొలిమి వదిలి పోలేదు. నెత్తికి పాత గుడ్డ కట్టుకుని బొగ్గుల పక్కనే కూర్చున్నాడు. ఆవిడకు ఒళ్ళు మండింది.

"తలుపులు తెరిచే ఉన్నాయి కదా, ఇంకా పారిపోలేదేం?"

"నేను పారిపోతే మేస్త్రీ కాళ్ళకి సంకెళ్ళు పడతాయంటగా."

"చెయ్యి విరగ్గొట్టి కాళ్ళ మీద జాలా?"

వాడు బొగ్గులు పగలగొట్టసాగాడు.

పని ఆపితే పొయ్యి ఆగుతుంది. ఇరుసు సగంలో ఉంది. తిత్తక్క రెండు రోజులు చూసి, మూడో రోజు మొగుడి చిన్న సుత్తి తానే పట్టుకుంది. ఇన్నాళ్ళు చూసిన పనే. ఎక్కడ తట్టాలో ఆవిడ చేతికి తెలుసు. మొదలు పెట్టేముందు గిత్తని ఎదురుగా నిలబెట్టి, దాగలి చూపించి చెప్పింది. "ఇనుము మీద పడితే కొట్టు. వట్టి దాగలి మీద పడితే ఆగు. ప్రాణం పోతున్నా ఆగు. విన్నావా?"

వాడు దాగలి వంక చూశాడు. "ఈ మాట ఆ రోజే చెప్పుంటే బాగుండేదక్కా" అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు. పోగొట్టుకున్న వస్తువు దొరికాక అనే మనిషిలా అన్నాడు. ఆవిడ ఇరుసు నిప్పుల్లోకి తోసి, "తిత్తి లాగు ముందు" అని కసిరింది.

బండ్ల యజమాని తమ్ముళ్ళు వచ్చింది ఆ మధ్యాహ్నమే. వాయిదాకి ముందు గిత్త చేత ఒక్క దెబ్బ కొట్టిస్తే చాలునని వాళ్ళ ఎత్తు. అప్పుడు కమ్మరి కూడా పోతాడు, గిత్తా పోతాడు. పెద్దవాడి చేతిలో చెర్నాకోల, చిన్నవాడి చేతిలో బండి కర్ర. లోపలికి వచ్చీ రాగానే పెద్దవాడు చెర్నాకోలతో గిత్త వీపు మీద లాగి కొట్టాడు.

"ఏరా గిత్తా, మేస్త్రీ చెయ్యి తిన్నావు, ఇక ఆవిడ చెయ్యెప్పుడు తింటావు?"

గిత్త తిరిగాడు. సమ్మెట వాడి చేతిలోనే ఉంది. తిత్తక్క ఆ ముఖం ఇదివరకు ఒకసారి చూసింది, వడ్రంగి మెడ పట్టుకున్న రోజు. కళ్ళలో మనిషి లేడు. సమ్మెట భుజం మీదుగా పైకి లేచింది. పెద్దవాడి తల సరిగ్గా దాని కిందే ఉంది. వాడు నవ్వుతున్నాడు, అంత దగ్గరలో చావుందని తెలియని వెధవ. సమ్మెట దిగితే తల ఉండదు, తల పోతే మొగుడు ఉండడు. తిత్తక్క చేతిలోని చిన్న సుత్తితో వట్టి దాగలి మీద కొట్టింది.

సమ్మెట గాల్లో ఆగిపోయింది. వాడి చేతుల నరాలు తాళ్ళలా లేచాయి. పళ్ళు పటపటలాడాయి. మెల్లగా, ఎంతో కష్టం మీద సమ్మెట కిందికి దించి నేల మీద పెట్టాడు.

తమ్ముళ్ళకి అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. వీడు కొట్టడని తెలిశాక వాళ్ళకి పండగయింది. చిన్నవాడు కర్రతో మోకాలి వెనక కొట్టాడు. గిత్త పడ్డాడు. పెద్దవాడు చెర్నాకోల తిరగేసి పిడితో ముఖం మీద మోదాడు. చెవి సగం తెగి వేలాడింది. పక్కటెముకల మీద బూట్లతో తన్నారు. లోపల ఏదో ఎండుకట్టెలా విరిగిన చప్పుడయింది. ఇద్దరూ కలిసి జుట్టు పట్టుకుని ఈడ్చి, వాడి చెంప కొలిమి గట్టుకి ఆనించి నొక్కారు. చర్మం చుయ్‌మంది. వాడి రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి. ఆ చేతులతో మట్టి పిడికిళ్ళకొద్దీ పట్టుకున్నాడు తప్ప, ఎవరి ఒంటి మీదా వెయ్యలేదు. మంచం మీంచి లేచొచ్చిన కమ్మరి గుమ్మంలో నిలబడి, "ఆపండ్రా, చచ్చిపోతాడ్రా" అని ఏడుస్తున్నాడు.

అప్పుడు తిత్తక్కకి ఒక చప్పుడు వినిపించింది. టక్కు, టక్కు, టక్కు. వట్టి దాగలి మీద సుత్తి పడుతూనే ఉంది. కొడుతున్నది తనే. ఆగు, ఆగు, ఆగు అని వాణ్ణి కట్టేసి తన్నిస్తున్నది తనే. కాలిన చర్మం వాసన ముక్కుకి కొట్టింది. సుత్తి విసిరేసి నిప్పుల్లోంచి ఎర్రటి ఇరుసు పట్టుకారుతో లాగి, పెద్దవాడి మీదకి వెళ్ళింది. ఆవిడకు ఎవరి పూచీ లేదు, ఆవిణ్ణి ఆపేవాళ్ళూ లేరు. వాడి చొక్కా భగ్గుమంది. వాడు కాలుతున్న భుజాన్ని కొట్టుకుంటూ వీధిలోకి పరిగెత్తాడు. చిన్నవాడు వాడికంటే ముందే వీధిలో ఉన్నాడు.

గిత్త చెవి ఆవిడే కుట్టింది. చెంపకి నూనె రాసింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఇన్ని రోజులు ఎవరిని చూసి భయపడిందో ఆ మనిషి తన మాట మీద చావడానికి సిద్ధపడ్డాడు. అలాంటివాణ్ణి గనికి తొయ్యడానికి తను అబద్ధం తయారుగా పెట్టుకుంది.

లోపలికి వెళ్ళి మొగుడి పక్కన కూర్చుంది. "నువ్వు చెప్పలేదయ్యా" అంది.

"చెప్పానే. నాలుగు సార్లు..."

"తిత్తి దగ్గర నేనున్నాను."

కమ్మరి గోడ వైపు తిరిగాడు. అతని వీపు కదులుతూ ఉంది. "నా చెయ్యి నేనే విరగ్గొట్టుకున్నానంటావా?" అన్నాడు చిన్నపిల్లాడిలా. ఆవిడ అతని మంచి చెయ్యి పట్టుకుంది.

వాయిదా నాడు కోర్టు కిక్కిరిసిపోయింది. జడ్జిగారి పన్ను ఊడిపోయినట్టుంది, ముఖం ప్రశాంతంగా ఉంది. తమ్ముళ్ళే ముందు మాట్లాడారు. వీడు యజమాని దవడ విరగ్గొట్టాడు, ఆశ్రయమిచ్చిన మేస్త్రీ చెయ్యి విరగ్గొట్టాడు, ఇలాంటి మృగాన్ని ఊళ్ళో ఉంచితే ఆడపిల్లలు బయట తిరగలేరన్నారు. అందరూ తలలూపారు. జడ్జిగారు తిత్తక్కని పిలిచారు. బంట్రోతు తమ్ముడు కనుబొమలతో సైగ చేశాడు.

"చెప్పమ్మా. నీ భర్తని కావాలనే కొట్టాడా?"

"లేదండి. చెప్పినట్టే కొట్టాడు. ఆగమనే గుర్తు మా ఆయన చెప్పడం మర్చిపోయాడు."

కోర్టులో గుసగుసలు లేచాయి. జడ్జిగారు కమ్మరి వంక చూశారు. కమ్మరి చెవుల దాకా ఎర్రబడి, కట్టు కట్టిన చేతిని చూసుకుంటూ, "నిజమేనండి, మర్చిపోయాను" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. అతను తల ఎత్తలేదు, కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

"వీడింకా మారాడనడానికి ఇన్ని రోజులు చాలవు. పూచీ పొడిగించాలి. మరి ఈ చేత్తో నువ్వేం పూచీ ఉంటావు?" అన్నారు జడ్జిగారు.

"నేనుంటానండి" అంది తిత్తక్క.

ఈసారి అందరూ నవ్వారు. బంట్రోతు నెత్తి కొట్టుకున్నాడు. జడ్జిగారు మాత్రం నవ్వలేదు. "తెలిసే అంటున్నావా? వీడు ఎవరి మీద చెయ్యి చేసుకున్నా సంకెళ్ళు నీ కాళ్ళకి పడతాయి. ఆడదానివని చూడను."

"తెలుసండి, ఒప్పుకుంటున్నాను. కానీ ఒక్క మాట అడుగుతాను. వాడు ఒకర్ని కొడితే మీరు నన్ను పట్టుకుంటారు. వాణ్ణి ఒకరు కొడితే నేనెవర్ని పట్టుకోవాలి?"

నవ్వులు ఆగిపోయాయి. జడ్జిగారు మొదటిసారి గిత్త ముఖం పరీక్షగా చూశారు. కుట్లు పడ్డ చెవి, గట్టుకి కాలిన చెంప, ఊపిరి తీసినప్పుడల్లా పక్కకి ఒరిగిపోతున్న ఒళ్ళు.

"ఎవరు కొట్టారు నిన్ను?"

గిత్త తమ్ముళ్ళ వైపు చూడనైనా లేదు. "పడిపోయానండి" అన్నాడు.

"అబద్ధమండి" అంది తిత్తక్క. "వీళ్ళిద్దరూ చావగొట్టారు. కొట్టించింది నేను. ఆగమన్నాను, ఆగాడు. సమ్మెట చేతిలో ఉండి, వాళ్ళ తల దాని కింద ఉండి కూడా కొట్టలేదు. కుక్కని కొడితే అది కూడా కరుస్తుందండి. వీణ్ణి ఆ పాటి కూడా ఉండనివ్వలేదు మీ పూచీ."

పెద్ద తమ్ముడు ఏదో అనబోయాడు. జడ్జిగారు చెయ్యి చూపించి ఆపారు.

"చట్టంలో అలాంటిది లేదమ్మా" అన్నారు చివరికి. "తప్పు చేసినవాడు మళ్ళీ చెయ్యకుండా పూచీ ఉంటుంది. తప్పు చేసినవాడి మీద తప్పు జరక్కుండా పూచీ అంటూ ఎక్కడా లేదు."

"లేకపోతే మీరుండండి."

"నేనా?"

"వాడు ఎవరి మీదా చెయ్యెత్తకుండా నేను పూచీ. వాడి మీద ఎవరూ చెయ్యెత్తకుండా మీరు పూచీ. మీరు ఉండలేనంటే చెప్పండి, వాడి చేతులు నేను కట్టెయ్యను."

కోర్టులో జడ్జిగారిని అలా అడిగినవాళ్ళు లేరు. బంట్రోతు ఆవిణ్ణి బయటికి తీసుకుపోవడానికి ఒక అడుగు ముందుకేశాడు. జడ్జిగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తమ్ముళ్ళని చూశారు, గిత్తని చూశారు, మళ్ళీ తమ్ముళ్ళని చూశారు. ఆ చూపుకి పెద్దవాడు కాలిన భుజాన్ని తమ్ముడి వెనక దాచుకున్నాడు.

"సరే" అన్నారు జడ్జిగారు. "నేనుంటాను. వీడి మీద పడే దెబ్బ ఇవాళ్టి నుంచి నా మీద పడ్డట్టు."

అన్ని తన్నులు తింటూ కిక్కురుమనని గిత్త ఆ మాటకి నిలబడలేకపోయాడు. కటకటాలు పట్టుకుని అలాగే నేల మీదకి జారిపోయి, ముఖం దాచుకోకుండా, పెద్దగా, అందరూ వింటుండగా ఏడ్చాడు. తిత్తక్క వెళ్ళి రెక్క పట్టుకుని లేపింది.